సంక్రాంతి పంటల పండుగైతే మన చేను ఇంకా పచ్చగా ఎందుకుంది?

పెన్నాతీరం (కోవూరు)

అందరికీ నమస్కారం. కనుమ వెళ్ళి నాలుగు రోజులైంది. వాకిట్లో రథం ముగ్గు ఇంకా పూర్తిగా చెరగలేదు. మా అమ్మాయి ఐదో తరగతి చదువుతోంది. సంక్రాంతి గురించి ఒక పేజీ రాసుకురమ్మని బడిలో చెప్పారు. పుస్తకంలో చదివినట్టే, కొత్త ధాన్యం ఇంటికి వచ్చిన సంతోషంతో రైతులు చేసుకునే పంటల పండుగ అని రాసింది. రాసి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మన చేను పచ్చగానే ఉంది కదా, మరి ధాన్యం ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగింది.

పండుగ నాడు గట్టు మీద నిలబడి తను కళ్ళారా చూసింది. మా చేను ఇంకా పొట్ట దశకు కూడా రాలేదు. ఇన్నేళ్ళుగా నేనూ పంటల పండుగ అనే చెబుతున్నాను. ఒక్కసారీ మా చేను వైపు చూసి ఆ మాట అనలేదు.

ఇక్కడ నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు చాలామంది ఉన్నారు కనుక అడుగుతున్నాను. ఉగాది మొదలు శివరాత్రి దాకా మనం చేసే పండుగలకు మన నేల మీద ఉన్న అర్థం ఏమిటి? పురాణ కథలు పాపకు వాళ్ళ నాయనమ్మ చెబుతుంది. మీరు చూసినవి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు అన్నవి రాయండి. పాపకు సరైన జవాబు చెప్పాలని ఉంది.

మొలగొలుకులు (ఇందుకూరుపేట)

అమ్మా, మీ పాప చేను చూసి ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు కూడా చేనులోనే ఉంది.

మన పెన్నా డెల్టాకు అసలు వాన నైరుతి రుతుపవనాలతో రాదు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ఆ వాన చూసుకొని, సోమశిలలో నీళ్ళు చూసుకొని చిత్త, స్వాతి కార్తెల్లో నారు పోస్తాం. కార్తిక, మార్గశిర మాసాల్లో నాట్లు. కోత మార్చిలో. ముందుగా నాటినవాళ్ళకు ఫిబ్రవరి చివర. సంక్రాంతి వేళకు మేము కలుపు తీయిస్తూ, ఎరువు చల్లుతూ, దోమపోటు వస్తుందేమోనని చూసుకుంటూ ఉంటాం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సార్వా (వానాకాలపు) పంట ఆ వేళకు ఇల్లు చేరుతుంది. పుస్తకం రాసినవాళ్ళు ఆ నేలను చూసి రాశారు. అది అక్కడికి నిజమే.

మరి మనకు సంక్రాంతి ఏమిటి? మా నాన్న దాన్ని ఎప్పుడూ పెద్దల పండుగ అనేవారు. పంట పండుగ అనగా నేను వినలేదు. తెల్లవారకముందే తలస్నానం చేసి, గతించినవాళ్ళ పేర్లు చెప్పి, కొత్త బట్టలు వాళ్ళ ముందు పెట్టి, వండినవన్నీ విస్తట్లో వడ్డించి దండం పెట్టుకున్నాకే మాకు భోజనం. పంట ఇంకా చేలో ఉంది, వాన ఎలా పోతుందో తెలియదు. ఆ సమయంలో చేనిచ్చిపోయిన వాళ్ళను తలచుకోవడం నాకు చాలా సరైనదిగా కనిపిస్తుంది. ధాన్యం వచ్చాక కృతజ్ఞత చెప్పడం ఒకటి. రాకముందే చెప్పడం ఇంకొకటి.

కొత్త బియ్యం మాకు ఉగాదికి వస్తాయి. కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడి పిందె, కొత్త బియ్యంతో పొంగలి, అన్నీ ఒకే రోజు. మా ఇంటికి పంటల పండుగ అంటే ఉగాదే.

పలకలఊరు (మార్కాపురం)

అన్నా, మీది నీటి నేల. మా పడమటి వైపు సంగతి వేరు. ఇక్కడ కంది, సజ్జ, జొన్న. నైరుతి వాన ఎంత పడితే అంతతోనే బతుకు. సజ్జ ముందే ఇంటికి వస్తుంది, కంది పుష్యంలో కోతకు వస్తుంది. సంక్రాంతి నాటికి కళ్ళంలో కందికట్టె ఉంటుంది, కొత్త కందిపప్పు పొంగలిలో పడుతుంది. కాబట్టి మీ పాప పుస్తకంలో రాసిన మాట మా ఊరికి వర్తిస్తుంది. మీ ఊరికీ మా ఊరికీ మధ్య సుమారు రెండు వందల కిలోమీటర్లే, ఒకే పండుగకు రెండు అర్థాలు.

జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక మాకు పెద్ద పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పసుపు కుంకుమలు పెట్టి తొలి చాలు దున్నుతాం. మీ వైపు ఆ రోజున ఎవరైనా దున్నుతారా?

మొలగొలుకులు (ఇందుకూరుపేట)

మా వైపు ఏరువాక నామమాత్రమే. జ్యేష్ఠంలో మాకు నేల పెనంలా ఉంటుంది. సోమశిలలో నీళ్ళు మిగిలి ఉంటే అప్పటికి ఎడగారు (రెండో) పంట చేలో ఉంటుంది, లేకపోతే బీడు. తొలి ఏకాదశి కూడా అంతే. మిగతా చోట్ల విత్తనాల వేళ, మాకు ఎదురుచూపుల వేళ.

వేపపూత (ఒంగోలు)

నేను ముప్పై రెండేళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఈ చర్చ చూసి చాలా సంతోషించాను. నా మాట ఒకటి వినండి. మన పండుగలన్నీ ఆరోగ్య సూత్రాలు. ఎండలు ముదిరే చైత్రంలో వేపపువ్వు తినిపించారు. శ్రీరామనవమికి మిరియాలు, బెల్లం వేసిన పానకం, నానబెట్టిన వడపప్పు ఇచ్చారు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి బెల్లం కలిపిన పిండి, నాగుల చవితికి నువ్వుల చిమ్మిలి, సంక్రాంతికి నువ్వులు, బెల్లం. ఏ నెలకు ఏది ఒంటికి మంచిదో అదే ప్రసాదమైంది.

వినాయక చవితి పత్రి చూడండి. మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, మద్ది, జిల్లేడు... ఇరవై ఒక్క ఆకులు. పిల్లలను వెంటబెట్టుకొని చెరువు కట్ట మీద ఇవన్నీ గుర్తించి కోయించేవాణ్ణి. పాఠశాలలో ఏడాదంతా చెప్పినా రాని వృక్షశాస్త్రం ఆ ఒక్క ఉదయం వచ్చేది. ఇప్పుడు అంగడిలో ఇరవై రూపాయలకు కట్ట కొంటున్నారు. అందులో సగం ఏవో పిచ్చి ఆకులు. నాకు బాధగా ఉంటుంది.

ఉసిరిచెట్టు (కందుకూరు, ప్రస్తుతం హైదరాబాదు)

మాస్టారూ, పత్రి గురించి మీరు రాసినది చదివి నాకు మా ఊరి చెరువు కట్ట గుర్తొచ్చింది. అయితే "అన్నీ ఆరోగ్య సూత్రాలే" అన్న మాటతో నేను ఏకీభవించలేను. క్షీరాబ్ధి ద్వాదశి నాడు మా అమ్మ ఉసిరికొమ్మ తెచ్చి తులసికోటలో నాటి, రెంటికీ పెళ్ళి చేసి దీపం పెడుతుంది. ఉసిరి ఒంటికి మంచిదని పెట్టదు. నాన్న పోయిన ఏడాది కూడా పెట్టింది, ఏడుస్తూనే పెట్టింది. ఆ దీపానికి వైద్యంలో అర్థం వెతికితే అమ్మ పోగొట్టుకున్నది, నిలబెట్టుకున్నది రెండూ కనిపించకుండా పోతాయి.

వేపపువ్వు మంచిదే. కానీ ఉగాది పచ్చడిలో వేసే చిటికెడు పూతతో ఏ జబ్బూ నయం కాదు. ఏడాది మొదటి ముద్దలోనే చేదు ఉంటుందని, దాన్ని అందరూ కలిసి తింటారని చెప్పడానికే అది ఉంది. మనం పండుగను కాపాడుకోవాలన్న ఆరాటంలో దాన్ని మందుల చీటీగా మార్చకూడదు.

వేపపూత (ఒంగోలు)

బాబూ, నీ మాట కాదనను. మీ అమ్మగారి దీపం గురించి చదివాక "అన్నీ" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ప్రసాదానికీ రుతువుకూ సంబంధం లేదంటే మాత్రం ఒప్పుకోను.

తిథివారం (మూలాపేట, నెల్లూరు)

పాపకు నేల సంగతి అన్నయ్య చెప్పారు, ఆకాశం సంగతి నేను చెబుతాను. మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. మన పండుగల్లో చాలావరకు చంద్రుణ్ణి చూసి వస్తాయి, సంక్రాంతి ఒక్కటే ముఖ్యంగా సూర్యుణ్ణి చూసి వస్తుంది. అందుకే సంక్రాంతి ప్రతి ఏడాదీ జనవరి 14, 15 తేదీలకే కట్టుబడి ఉంటుంది, ఉగాది మాత్రం కదులుతుంది. ధనుర్మాసం కూడా సూర్యుడిదే. డిసెంబరు మధ్యలో మొదలై భోగితో ముగుస్తుంది.

నెలల పేర్లు పాపకు ఇలా చెప్పండి. పౌర్ణమి నాడు చంద్రుడు చిత్త నక్షత్రం దగ్గర ఉంటే చైత్రం, విశాఖ దగ్గర ఉంటే వైశాఖం, కృత్తిక దగ్గర ఉంటే కార్తికం, మఖ దగ్గర ఉంటే మాఘం. మేడ మీదికి తీసుకువెళ్ళి కార్తిక పౌర్ణమి రాత్రి చంద్రుడి పక్కన చిన్న చుక్కల గుంపు చూపించండి, అదే కృత్తిక. నెల పేరు పైన రాసిపెట్టి ఉంటుంది.

చాంద్రమాసం సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు మాసాలు కలిపితే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అలాగే వదిలేస్తే ఉగాది కొన్నేళ్ళకు వానాకాలంలోకి జారిపోతుంది. అందుకే సుమారు రెండేళ్ళ ఎనిమిది నెలలకు ఒకసారి అధికమాసం వచ్చి సరిచేస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబరు 18న వచ్చింది. 2025లో ఆగస్టు 27నే వచ్చేసింది. ఈ ఏడు, 2026లో, మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ తరువాతి పండుగలన్నీ మళ్ళీ వెనక్కి జరుగుతాయి, వినాయక చవితి సెప్టెంబరు 14.

వేపపూత మాస్టారికి ఇందులో ఒక చిక్కు ఉంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, చెట్లన్నీ పూతే. ఈ ఏడు మార్చి 19నే. వేపపువ్వు కోసం నాలుగు వీధులు వెతకాలి.

పెన్నాతీరం (కోవూరు)

పంతులుగారూ, చాలా బాగా చెప్పారు. పాప పక్కనే కూర్చొని చదువుతోంది. రెండు ప్రశ్నలు అడగమంటోంది. సంక్రాంతి నుంచే ఉత్తరాయణం అంటాం, కానీ తన భూగోళం పుస్తకంలో సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 అని ఉందట. ఇంకొకటి, ఒకే పండుగను ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు ఎందుకు చేస్తారు?

తిథివారం (మూలాపేట, నెల్లూరు)

పాప మంచి ప్రశ్న పట్టుకుంది. మన పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాలతో పోల్చి లెక్కిస్తుంది. రుతువుల ఏడాది కన్నా నక్షత్రాల ఏడాది సుమారు ఇరవై నిమిషాలు ఎక్కువ. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడమే కారణం. ఆ ఇరవై నిమిషాలు సుమారు 72 ఏళ్ళలో ఒక రోజు అవుతాయి. దాదాపు 1,700 ఏళ్ళ కింద మకర సంక్రమణం, సూర్యుడు ఉత్తరానికి తిరగడం ఒకే రోజున జరిగేవి. ఇప్పుడు మూడు వారాలకు పైగా ఎడం వచ్చింది. స్వామి వివేకానంద 1863 జనవరి 12న పుట్టారు, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు అది 14, 15కు వచ్చింది. పాప పుస్తకమూ నిజమే, పంచాంగమూ తన లెక్క ప్రకారం సరైనదే.

రెండో ప్రశ్న. తిథి సూర్యోదయంతో మొదలై సూర్యోదయంతో ముగియదు. చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం మారుతుంది కనుక తిథి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా ఉండవచ్చు. ఒక తిథి రెండు రోజుల్లో పడినప్పుడు ఏ వేళ ముఖ్యమన్నది పండుగను బట్టి మారుతుంది. వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి సాయంకాలం, శివరాత్రికి అర్ధరాత్రి లింగోద్భవ కాలం, కృష్ణాష్టమికి కూడా అర్ధరాత్రి. 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం వచ్చి నవంబరు 1 సాయంత్రం దాకా ఉంది. ఆ చీకటి రాత్రి 31నే కనుక మన దగ్గర ఆ రోజే దీపావళి చేశారు. దీనికి తోడు గణితం చేసే పద్ధతులు కూడా పంచాంగకర్తలకు వేరు వేరు. ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు, మీ ఇంటి పంచాంగం ఏదో దాన్నే ఏడాదంతా అనుసరించండి.

స్వర్ణాలచెరువు (నెల్లూరు)

పంతులుగారి పదకొండు రోజుల లెక్క చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. నెల్లూరు పండుగల గురించి మాట్లాడుతూ రొట్టెల పండుగను వదిలేయలేం. బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరుగుతుంది, కానీ చెరువులో నిలబడి రొట్టె మార్చుకునేవాళ్ళలో మా ఇంటివాళ్ళూ ఉన్నారు. మా అక్క సంతాన రొట్టె పట్టింది, కోరిక తీరిన మరుసటి ఏడు రొట్టె తిరిగి ఇచ్చింది.

ఆ లెక్కలో అధికమాసం లేదు. అందుకే రొట్టెల పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు వస్తుంది. సుమారు ముప్పై మూడేళ్ళలో అన్ని రుతువులూ తిరిగి వస్తుంది. నా చిన్నప్పుడు ఎండల్లో చూశాను, తరువాత చలికాలంలో చూశాను, మొన్న మళ్ళీ ఎండల తరువాత చూశాను. ఒకే చంద్రుణ్ణి చూసి రెండు లెక్కలు. మన పండుగలు రుతువును వదలవు, ఆ పండుగ రుతువులన్నిటినీ చుట్టి వస్తుంది. రెండూ మా ఇంటి క్యాలెండరులో ఉన్నాయి.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. మీ ఊరి అనుభవాలకే ప్రాధాన్యం ఇవ్వండి. ఇతర మతాల వారి మీద, ఇతర ఆచారాల మీద ఎవరూ తీర్పులు ఇవ్వకుండా ఉన్నందుకు కృతజ్ఞతలు.

తెరచాప (కొత్తపట్నం)

మాది సముద్రం మీద బతికే కుటుంబం. కార్తిక పౌర్ణమి గురించి నేను రాస్తాను.

ఆ రోజు తెల్లవారకముందే ఒంగోలు నుంచి, లోపలి పల్లెల నుంచి వేలమంది మా తీరానికి వస్తారు. సముద్ర స్నానం చేసి, ఇసుకలో దీపాలు పెడతారు. ఆ దృశ్యం చూడాల్సిందే. కానీ మాకు ఆ రోజు గుండెల్లో భయం కూడా ఉంటుంది. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. కార్తికం అంటే మన తీరానికి వాయుగుండాల కాలం. పైన ఆకాశం నిర్మలంగా ఉన్నా లోపల అల బరువుగా ఉంటుంది. మా నాన్న ఆ రోజు వేటకు వెళ్ళకుండా ఒడ్డునే నిలబడి, స్నానానికి దిగినవాళ్ళను మోకాలి లోతు దాటనివ్వకుండా కేకలు వేసేవారు. అదే ఆయన కార్తిక వ్రతం. ఇప్పుడు మా అన్నదమ్ములం అదే చేస్తున్నాం. దయచేసి స్నానానికి వచ్చేవాళ్ళు మా మాట వినండి. మూడు మునకలు మోకాలి లోతులో కూడా వేయవచ్చు, కూర్చుంటే చాలు.

మాకు ఇంకొక పండుగ ఉంది, పంచాంగంలో దొరకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో వలలు బాగు చేసుకుంటాం, పడవలకు రంగులు వేస్తాం. నిషేధం ముగిసి తొలిసారి పడవ దించే రోజున గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పసుపు నీళ్ళు చల్లి, ఆడవాళ్ళు హారతి ఇస్తారు. పలకలఊరు అన్న చెప్పిన ఏరువాక కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. మీరు నాగలికి పెట్టే బొట్టు మేము పడవకు పెడతాం.

పలకలఊరు (మార్కాపురం)

తమ్ముడూ, ఈ పోలిక నాకు ఎన్నడూ తట్టలేదు. మీ ఊరు తప్పకుండా వస్తాను, మోకాలి లోతు దాటను.

మొలగొలుకులు (ఇందుకూరుపేట)

కార్తికం మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. 2021 నవంబరులో కార్తిక పౌర్ణమి వెళ్ళిందో లేదో పెన్నకు మహా వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. నాట్లు మునిగాయి, నారుమళ్ళు ఇసుక మేట కింద పోయాయి. పదిహేను రోజుల తరువాత వచ్చిన పోలి పాడ్యమికి మా ఆవిడ అరటి దొప్పలో దీపం పెట్టి అదే ఏటిలో వదిలింది. పొలం తీసుకుపోయిన ఏటికి దీపమెందుకని నేను కోపంగా అన్నాను. "నీళ్ళిచ్చేదీ అదే కదా" అంది. ఆ ఏడు మళ్ళీ నారు పోసి ఆలస్యంగా నాటాం. ఏప్రిల్ దాకా కోత సాగింది.

చాతుర్మాస్యం గురించి కూడా ఆలోచించండి. ఆషాఢం నుంచి కార్తికం దాకా వానల కాలం కనుక సన్యాసులు ఒకచోటే ఉంటారని చెబుతారు. దసరాకు వానలు తగ్గి దారులు ఆరుతాయి కనుక రాజులు విజయయాత్రకు బయలుదేరేవారని చెబుతారు. మన దగ్గర దసరా వెళ్ళాకే వానలు మొదలవుతాయి! మేము జమ్మి ఆకు జేబులో పెట్టుకొని ఆకాశం వైపు చూస్తాం, వాన రావాలని. దీపావళికి టపాసులు తడిస్తే పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్ళకు లోపల సంతోషం.

ఉసిరిచెట్టు (కందుకూరు, ప్రస్తుతం హైదరాబాదు)

అన్నయ్యగారూ, మీ ఇంటి అమ్మగారు అన్న మాట మా అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వేపపూత (ఒంగోలు)

దసరా అన్నారు కనుక మా ఒంగోలు కళారాల గురించి చెప్పకుండా ఉండలేను. నవరాత్రుల చివర అమ్మవారి భీకరమైన ముఖరూపాన్ని, మనిషికన్నా ఎంతో పెద్దదాన్ని, రాత్రి వేళ వీధుల్లో ఊరేగిస్తారు. నరసింహస్వామి కళారం కూడా ఉంది. ముందు డప్పులు, వెలుగులు, వెనుక జనసముద్రం. బొమ్మల కొలువులో చిరునవ్వుతో కూర్చున్న అమ్మవారినే చూసిన పిల్లవాడు ఆ ముఖం చూసి తండ్రి భుజం గట్టిగా పట్టుకుంటాడు. నేనూ అలాగే పట్టుకున్నాను, అరవై ఏళ్ళ కింద. దుర్గ అంటే ఏమిటో నాకు ఆ రాత్రి అర్థమైంది. తల్లికి కోపం కూడా ఉంటుందని, ఆ కోపం మన కోసమేనని. మా వీధి మొదట్లో కళారం మలుపు తిరిగేటప్పుడు ఇప్పటికీ నేను చెప్పులు విప్పి నిలబడతాను.

అట్లతద్ది (సింగరాయకొండ)

ఇంతమంది రాశారు కానీ ఆడపిల్లల పండుగల గురించి ఎవరూ రాయలేదు. ఆశ్వయుజ బహుళ తదియ, దసరా దీపావళి మధ్యలో వచ్చే అట్లతద్ది. తెల్లవారుజామున చీకటితోనే లేచి, గోంగూర పచ్చడి, పెరుగు వేసుకొని చద్దన్నం తిని, గోరింటాకు పండిందో లేదో దీపం దగ్గర చూసుకొని వీధిలోకి పరుగెత్తేవాళ్ళం. వేపచెట్టుకు ఊయల. పగలంతా ఉపవాసం. సాయంత్రం చంద్రుణ్ణి చూశాక అట్లు వాయనమిచ్చి తినడం. మంచి మొగుడు వస్తాడని చెప్పేవారు. నాకు మాత్రం అది ఊరి వీధి మొత్తం ఆడపిల్లలదైన ఒకే ఒక్క చీకటి వేళ. మిగతా రోజుల్లో ఆ వేళకు గడప దాటనిచ్చేవారు కాదు. ఆ పండుగ అర్థం నాకు అదే. మా అమ్మాయికి అదే చెప్పాను. ఉద్యోగం చేస్తున్న ఊరిలో కూడా స్నేహితురాళ్ళతో తెల్లవారుజామున ఊయల కట్టించుకుంది.

ఇంకో ప్రశ్న. నాగుల చవితి మా పుట్టింట కార్తికంలో, దీపావళి వెళ్ళిన నాలుగో రోజు. మా అత్తగారిది కనిగిరి వైపు. వాళ్ళు శ్రావణంలో పుట్టకు పాలు పోస్తారు. నేను రెండూ చేస్తున్నాను. ఫరవాలేదా?

తిథివారం (మూలాపేట, నెల్లూరు)

తప్పకుండా చేయండమ్మా. కోస్తాలో కార్తిక శుద్ధ చవితి, రాయలసీమ వైపు శ్రావణ శుద్ధ చవితి, పంచమి ఎక్కువగా కనిపిస్తాయి. మన జిల్లాలు రెంటికీ సరిహద్దు కనుక ఒకే ఊళ్ళో రెండూ ఉంటాయి. పుట్టింటిదీ అత్తింటిదీ రెండు ఆచారాలూ నిలబెట్టేవాళ్ళు దొరకడం ఆ ఇళ్ళ అదృష్టం.

పెన్నాతీరం (కోవూరు)

అందరికీ పేరు పేరునా నమస్కారాలు. రెండు రోజులుగా రాత్రి భోజనాలయ్యాక ఇవన్నీ మా అత్తగారికి, పాపకు చదివి వినిపిస్తున్నాను. మా అత్తగారు ఏటి పండుగ గురించి ఎవరూ రాయలేదేమని అడిగారు. నిజమే, నెల్లూరులో పుట్టి అది మరిచిపోవడం నా తప్పు.

సంక్రాంతి పండుగల చివర నెల్లూరు ఆడవాళ్ళంతా గొబ్బెమ్మలను తీసుకొని పెన్న ఒడ్డుకు వెళ్తారు. రంగనాయకస్వామి గుడి వెనుక ఇసుక తిన్నెల మీద జనం. నెల రోజులు వాకిట్లో పెట్టిన గొబ్బెమ్మలకు అక్కడ పూజ చేసి, చుట్టూ తిరిగి పాడి, ఏటిలో కలుపుతారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం ఇసుకలో కూర్చొని తింటారు. మా అత్తగారి మాటల్లోనే చెప్పాలంటే, చేనుకు నీళ్ళిచ్చి పంటను సగం దాకా నిలబెట్టిన ఏటికి వెళ్ళి మిగతా సగం కూడా నిలబెట్టమని అడిగి రావడం అది. మొలగొలుకులు అన్నయ్య సంక్రాంతికి పంట చేలోనే ఉంటుందని రాయకపోతే ఈ మాట నాకు అర్థమయ్యేది కాదు.

పాప తన పేజీ తిరిగి రాసింది. మొదటి వాక్యం కొట్టేయలేదు, "మార్కాపురంలో" అని ముందు చేర్చింది. దాని కింద నెల్లూరు అని వేరే రాసి పెద్దల పండుగ, ఏటి పండుగ గురించి రాసింది. బడిలో ఏమంటారో తెలియదు. ఈ ఆదివారం, 25న రథసప్తమి. జిల్లేడు ఆకులు తల మీద పెట్టుకొని స్నానం, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం. ఆ పేజీ కూడా తనే రాస్తానంటోంది. పిడకల మీద పాలు పొంగించాలి, పట్నం వైపు పిడకలు దొరకడం కష్టంగా ఉంది.

మొలగొలుకులు (ఇందుకూరుపేట)

పిడకలు మా ఇంట్లో ఉన్నాయి, శనివారం ఎవరినైనా పంపండి. ఇంకో మాట. మా చేను మార్చి రెండో వారానికి కోతకు వస్తుంది. ఇప్పుడంతా యంత్రంతోనే కోయిస్తున్నాం కానీ యంత్రం దిగకముందు ఈశాన్యం మూల ఒక చిన్న మడి చేత్తో కోస్తాం. ఆ కంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం వసారాలో వేలాడదీస్తాం. కుచ్చు అల్లడం మా అమ్మకు వచ్చు, ఆమెకు ఎనభై దాటాయి. ఆ రోజు పాపను తీసుకురండి. రెండు కుచ్చులు అల్లిస్తాను, ఒకటి మీ ఇంటికి. ఉగాది 19న, అప్పటికి బియ్యం కూడా ఆడించి ఉంచుతాను.

పెన్నాతీరం (కోవూరు)

అన్నయ్యా, తప్పకుండా వస్తాం. మీ ఊళ్ళో బస్సు ఎక్కడ దిగాలో చెప్పండి. వచ్చేటప్పుడు మా పెరటి చింతచెట్టు కొత్త పండు తెస్తాను, వేపపువ్వు మాత్రం మీ వైపే చూసి పెట్టండి.